కాండోర్ కష్టం నేల దగ్గర ఉంది

‘ఐదు గంటలు ఎగిరింది, ఒక్కసారి కూడా రెక్క ఆడించలేదు.’ అమెరికా ఖండాల భారీ రాబందు కాండోర్ గురించి 2020 నుంచీ ఈ మాట పత్రికల విజ్ఞాన శీర్షికల్లో, వీడియోల్లో, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో తిరుగుతూనే ఉంది. అది నిజమే. దాని ఆసరాతో చలామణీ అవుతున్న మరో రెండు మాటలు మాత్రం నిజం కావు. మొదటిది, కాండోర్ కష్టమెరగని పక్షి అన్నది. రెండోది, పరికరాలు వచ్చాయి కనుక కొండ అంచున బైనాక్యులర్‌తో కూర్చునేవాళ్ళ పని ఇక తీరిపోయిందన్నది. వీటికి తోడు ఎప్పటినుంచో ఉన్న అపోహ ఒకటుంది: ఆకాశంలో గుండ్రంగా తిరిగే కాండోర్ కింద ఎవరి చావు కోసమో, ఏ గొర్రెపిల్లను తన్నుకుపోవడం కోసమో కాచుకుని ఉందని. ఈ మూడూ తప్పు. ఒక పక్షి గురించి తప్పుగా అనుకుంటే దాన్ని కాపాడే పని కూడా తప్పుదారి పడుతుంది. అందుకే ఈ ఖండన.

ముందుగా ఆ అధ్యయనం ఏం చెప్పిందో మొత్తం చూద్దాం. బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయం నుంచి హానా విలియమ్స్, ఎమిలీ షెపర్డ్, అర్జెంటీనాలోని బరిలోచె నుంచి సెర్జియో లాంబెర్తుచ్చి, వారి సహచరులు కలిసి పటగోనియాలో ఎనిమిది ఆండియన్ కాండోర్‌లకు చిన్న పరికరాలు కట్టారు. పక్షి రెక్క కొట్టిన ప్రతిసారీ ఆ పరికరం నమోదు చేసుకుంటుంది. 216 గంటలకు పైబడిన ప్రయాణం అలా లెక్కకు వచ్చింది. అందులో రెక్కలు కొట్టిన సమయం ఒక్క శాతం. ఒక పక్షి ఐదు గంటలకు మించి, దాదాపు 172 కిలోమీటర్లు, రెక్క కొట్టకుండా సాగిపోయింది. ఈ ఫలితాలు 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చాయి.

మన రచయితలు చాలామంది ఇక్కడితో చదవడం ఆపేశారు. అదే అధ్యయనం ఆ వెంటనే మరో సంగతి చెప్పింది. కాండోర్‌లు కొట్టిన ఆ కాసిని రెక్కల్లో 75 శాతానికి పైగా నేల విడిచి లేచేటప్పుడు కొట్టినవే. మిగిలినవాటిలో కొన్ని పొద్దుటి పూట, వేడిగాలి ఇంకా బలం పుంజుకోని వేళ కొట్టినవి. అప్పుడు ఒక గాలి ఊతం వదిలి జారుతూ వచ్చిన పక్షి తరువాతి ఊతం అందేలోపు ఎత్తు కోల్పోతుంది. ఆ చివరి కాస్త దూరం రెక్కలు కొట్టి చేరుకుంటుంది. ఇంత పెద్ద పక్షి ఎగరడానికి పడే శ్రమకు హద్దు గీస్తున్నది నేల విడిచి లేవడమేనని పరిశోధకులు తేల్చారు.

లెక్క కట్టి చూడండి. 216 గంటల్లో ఒక శాతమంటే సుమారు రెండు గంటల పది నిమిషాలు. అందులో ముప్పాతిక, అంటే గంటన్నరకు పైగా, లేవడానికే ఖర్చయింది. ఎనిమిది పక్షులూ తమ ప్రయాణాలన్నిటికీ కలిపి వాడుకున్నది మిగిలిన అరగంటే. పైన ఆకాశంలో అంత పొదుపు, కింద నేల దగ్గర అంత ఖర్చు. ఈ రెండు అంకెలూ కలిస్తేనే కాండోర్ ఎగురుడు అర్థమవుతుంది. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే శాస్త్రం పేరుతో సగం నిజం అమ్మినట్టే.

లేవడానికి అంత ఖర్చు ఎందుకో ఆ పక్షి ఒళ్ళే చెబుతుంది. ఎదిగిన మగ ఆండియన్ కాండోర్ 15 కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు మూడు మీటర్లు దాటుతుంది. పక్షి బరువు పెరిగే కొద్దీ రెక్కలు కొట్టడానికి కావలసిన బలం త్వరత్వరగా పెరిగిపోతుంది. కండలు ఇవ్వగలిగిన బలం ఆ వేగంతో పెరగదు. పిచ్చుక ముంగిట్లోంచి చూరు మీదికి ఒక్క ఊపులో లేస్తుంది. కాండోర్‌కు ఆ వెసులుబాటు లేదు. రెక్కల బలంతో ఎగరగల ప్రాణుల బరువుకు ప్రకృతి పెట్టిన హద్దుకు అది చాలా దగ్గరగా ఉంది. ఎక్కువసేపు రెక్కలు కొట్టడం దానికి శక్తికి మించిన పని. కాబట్టి గాలి మీద ఆధారపడటం దానికి తప్పనిసరి. ఆ తప్పనిసరిని సుఖంగా చిత్రించి, ‘శ్రమ లేకుండా ఎదగడం కాండోర్‌ను చూసి నేర్చుకోండి’ అని విద్యార్థులకు బోధించడం ఆ పక్షికీ న్యాయం కాదు, ఆ పిల్లలకూ న్యాయం కాదు.

కాండోర్ దినచర్య అంతా ఈ లెక్క చుట్టూనే అల్లుకుంది. అది రాత్రి గడిపేది కొండ చరియల అంచుల్లో. అక్కడినుంచి కిందికి వాలితే చాలు, బరువే వేగాన్ని ఇస్తుంది. ఎండ పొడ తగిలి రాళ్ళు వేడెక్కేదాకా, వాలు వెంట గాలి ఎగదన్నేదాకా అది కదలదు. గాలిలో చుట్లు తిరిగేటప్పుడు బరువైన పక్షి పెద్ద చుట్టు తిరగక తప్పదు. పొద్దున్నే పుట్టే సన్నని వేడిగాలి ధార అంత పెద్ద చుట్టుకు చాలదు. తేలికైన టర్కీ రాబందు ఆ సన్నని ధారలోనే ఇమిడిపోయి ముందే పైకి వెళ్ళగలదు. కాండోర్ ఆగాల్సిందే. రెక్కల కొసల్లో వేళ్ళలా విడివిడిగా విచ్చుకునే ఈకలు గాలి లాగుడును తగ్గించి కాస్త సాయపడతాయి. అయినా కళేబరం దగ్గర కిలోకు పైగా మాంసం గొంతు కింది సంచిలో నింపుకున్న పక్షి, గాలి ఆడని లోతట్టున దిగి ఉంటే, అక్కడినుంచి లేవడం చూసేవాళ్ళకే ఆయాసం తెప్పిస్తుంది. పరుగెత్తుతుంది, రెక్కలు బాదుతుంది, కుదరకపోతే ఆగిపోతుంది. కొన్నిసార్లు గంటల తరబడి దగ్గరలోని బండ మీదే కూర్చుండిపోతుంది. అందుకే కాండోర్‌కు ఎక్కడ దిగాలన్నది ఎలా ఎగరాలన్నదాని కంటే పెద్ద ప్రశ్న.

మరి ఇంతమంది చూస్తున్నా ఈ కష్టం ఎందుకు కనబడదు? వాళ్ళు నిలబడే చోటే దానికి జవాబు. పెరూలోని కోల్కా లోయలో క్రూస్ దెల్ కాండోర్ అనే చోటు ప్రపంచ ప్రసిద్ధం. యాత్రికులు పొద్దున్నే వచ్చి గట్టు అంచున నిలబడతారు. వేడెక్కిన గోడల వెంట లేచే గాలిలో కాండోర్‌లు కింది నుంచి పైకి తేలుతూ వచ్చి, వాళ్ళ కళ్ళ ఎదుటే సాగిపోతాయి. అద్భుతమైన దృశ్యం, సందేహం లేదు. కానీ అక్కడ గాలి ఊతం బాగా దొరుకుతుంది కాబట్టే పక్షులు అక్కడికి వస్తున్నాయి, పక్షులు వస్తున్నాయి కాబట్టే మనుషులు అక్కడ నిలబడుతున్నారు. ఆ గంటా గంటన్నర చూసి కాండోర్ బతుకులో శ్రమ లేదని తేల్చేయడం, కళ్ళంలో ధాన్యపు రాశి చూసి సేద్యంలో చెమట లేదన్నట్టుంటుంది.

ఇక రెండో మాటకు వద్దాం. పరికరాన్ని నేను తక్కువ చేయను. కంటికి అందని ఎత్తుల్లో, దూరాల్లో ప్రతి రెక్కపాటునూ లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. ఆ పని పరికరమే చేసింది. కానీ దాని ముందున్న పరిశీలనను, దాని పక్కన జరగాల్సిన పరిశీలనను తుడిచేసే హక్కు ఎవరికీ లేదు. పటగోనియాలోనే చూడండి. పరికరాలు కొన్నాళ్ళకు వాటంతట అవే రాలిపోయేలా అమర్చారు. కొన్నిసార్లు అవి ఆండీస్ మధ్యలో మహా చరియల మీది గూళ్ళలో రాలాయి. అక్కడికి చేరడానికే మూడు రోజులు పట్టిన సందర్భాలున్నాయి. పక్షి ఎక్కడ పడుకుంటుందో, ఏ దారిన వెళుతుందో ముందునుంచీ తెలిసినవాళ్ళు లేకపోతే ఆ 216 గంటల సమాచారం రాళ్ళ పాలయ్యేది.

కాండోర్ రెక్కలు కొడుతుందన్న సంగతి 2020లో కొత్తగా బయటపడలేదు. జెర్రీ మెగహాన్ 1973లో ఆండియన్ కాండోర్ మీద రెండు పరిశోధనా పత్రాలు ప్రచురించాడు. ఒకటి అది రెక్కలు కదపకుండా జారే తీరు మీద, రెండోది అది రెక్కలు కొట్టే తీరు మీద. రెండూ ఆరుబయట, స్వేచ్ఛగా తిరిగే పక్షులను చూసి చేసినవే. పక్షుల ఎగురుడు లెక్కల్లో పేరుగాంచిన కోలిన్ పెన్నీక్విక్, స్కోలీతో కలిసి పెరూ తీరంలోని పరాకాస్ ద్వీపకల్పంలో కాండోర్‌లనూ టర్కీ రాబందులనూ పక్కపక్కనే పరిశీలించి 1984లో రాశాడు. కాండోర్ అంటే మంచుకొండల పక్షే అనుకునేవాళ్ళకు ఆ తీరపు ఎడారి కూడా ఒక పాఠం. సముద్ర సింహాల కళేబరాల కోసం ఆ పక్షి అలల అంచు దాకా దిగి వస్తుంది.

ఉత్తర అమెరికాకు వెళితే నేల మీది పరిశీలన ఒక జాతి ప్రాణం నిలబెట్టింది. కార్ల్ కోఫర్డ్ 1939లో కాలిఫోర్నియా కొండల్లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రాసుకున్న పరిశీలనలు 1953లో పుస్తకంగా వచ్చాయి. ఆండియన్ కాండోర్‌కు దాయాది అయిన కాలిఫోర్నియా కాండోర్ ఎలా ఎగురుతుంది, ఎక్కడ వాలుతుంది, మనిషి దగ్గరికొస్తే ఏం చేస్తుంది అన్నవాటికి ఆధారం ఆ పుస్తకమే అయింది. 1980ల తొలినాళ్ళలో అసలు ఎన్ని మిగిలాయన్న ప్రశ్న వచ్చింది. నోయెల్ స్నైడర్, ఎరిక్ జాన్సన్ దానికి దారి చూపింది ఎగిరే పక్షుల ఫొటోలతోనే. ప్రతి పక్షీ ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకునే క్రమం వేరు. రెక్కలో ఏ ఈక లేదు, ఏది విరిగింది, ఏది సగం పెరిగింది అని ఫొటోల్లో పోల్చి చూస్తూ ఒక్కో పక్షినీ విడిగా గుర్తుపట్టారు. ఊహల స్థానంలో లెక్క వచ్చింది. 1982లో ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 22 అని తేలడం వెనుక ఉన్నది ఈ ఓపికే.

ఆ లెక్క ఉండబట్టే 1984-85 చలికాలంలో అడవిలో ఉన్న 15 పక్షుల్లో ఆరు మాయమయ్యాయని వెంటనే తెలిసింది. తెలియబట్టే, మిగిలినవన్నిటినీ పట్టి సంరక్షణలో పెంచాలన్న కష్టమైన నిర్ణయం జరిగింది. 1987 ఏప్రిల్‌లో చివరి అడవి పక్షిని పట్టుకున్నారు. 1992లో మళ్ళీ వదలడం మొదలైంది. వదిలిన పక్షులు కరెంటు స్తంభాల మీద వాలుతున్నాయి, తీగలకు తగిలి చస్తున్నాయి అని వెంటపడి చూసినవాళ్ళే చెప్పారు. దాంతో వదలబోయే పక్షుల ఆవరణలో ఉత్తుత్తి స్తంభాలు నాటి, వాలితే చిన్న షాకు తగిలేలా చేసి, స్తంభం జోలికి పోకుండా శిక్షణ ఇచ్చారు. పక్షి ఎక్కడ వాలుతుందో చూసే కళ్ళు లేకపోతే ఆ శిక్షణ ఆలోచనే పుట్టేది కాదు. ఈనాడు కాలిఫోర్నియా కాండోర్‌లు, సంరక్షణలో ఉన్నవాటితో కలిపి, 500 దాటాయి.

పరికరానికి దొరకనివి ఇంకా ఉన్నాయి. పటగోనియాలో పరికరాలు కట్టినవన్నీ ఇంకా పూర్తిగా ఎదగని పక్షులు. కళేబరం దగ్గర ఆండియన్ కాండోర్‌లలో పెద్ద మగవాటిదే పెత్తనం. ఆడవీ, పిల్లవీ పక్కకు తప్పుకోవాల్సిందే. మంచి చోటు పెద్దవాటికి పోతే, చిన్నవి చెడ్డ చోటా చెడ్డ వేళా దిగాల్సి వస్తుంది. ఎక్కడ దిగితే అక్కడినుంచే లేవాలి కదా. ఎవరు ఎవరిని తరిమారు, ఎవరి మేతసంచి నిండింది, ఎవరు ఖాళీ కడుపుతో లేచారు అన్నది రెక్కపాటు లెక్కలో కనబడదు. పరికరం లేని పక్షి ఏం చేసిందో అసలే కనబడదు. అడవిలోని కాండోర్‌లలో ఎక్కువ భాగానికి పరికరాలు లేవు.

పరిశీలన అన్న పేరుతో చేసేదంతా పరిశీలన కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆకాశంలో పోల్చడానికి పక్కన ఏదీ లేనప్పుడు పరిమాణం చూసి పక్షిని గుర్తుపడితే మోసపోతాం. టర్కీ రాబందు రెక్కలు రెండూ పైకెత్తి, అటూఇటూ ఊగుతూ పోతుంది. కాండోర్ రెక్కలు దాదాపు సమంగా పరిచి, ఊగకుండా, విమానంలా నిలకడగా పోతుంది. ఎదిగిన కాలిఫోర్నియా కాండోర్‌కు రెక్క కింద ముందు భాగంలో తెల్లని ముక్కోణం ఉంటుంది. బంగారు గద్ద పిల్లకూ తెలుపు ఉంటుంది గాని అది పెద్ద ఈకల మొదళ్ళలో, తోక మొదట్లో ఉంటుంది. ఎదిగిన ఆండియన్ కాండోర్ తెలుపు రెక్క పైభాగాన ఉంటుంది కాబట్టి, మనం దానికంటే ఎత్తున నిలబడినప్పుడో, అది ఒరిగి మలుపు తిరిగినప్పుడో బాగా కనబడుతుంది. వేళ, గాలి దిక్కు, మబ్బు, పక్షి వయసు, చుట్టు తిరిగిందా వాలు వెంట జారిందా, రెక్క ఎక్కడ కొట్టింది, ఎక్కడ దిగింది, దిగాక ఎంతసేపటికి లేచింది, మేతసంచి ఉబ్బి ఉందా: ఇవన్నీ రాసుకున్నదే పరిశీలన. ‘అద్భుతం, రాజసం’ అని రాసుకున్నది అభిమానం. అభిమానం మంచిదే, కానీ దాన్ని సాక్ష్యంగా చూపకూడదు.

మూడో మాట వీటన్నిటికంటే ప్రమాదకరం. కాండోర్ గుండ్రంగా తిరుగుతోందంటే కింద ఏదో చస్తోందని సినిమాలు, కార్టూన్లు మనకు నూరిపోశాయి. గుండ్రంగా తిరగడం ఎత్తు సంపాదించుకునే పద్ధతి. ఎగదన్నే వేడిగాలి ధార దాటిపోకుండా దానిలోనే ఉండాలంటే చుట్టు తిరగాలి. తగినంత ఎత్తు వచ్చాక పక్షి ఆ ధార వదిలి తన దారిన పోతుంది. చావు వాసన పసిగడుతుందన్న మాటా పొరపాటే. టర్కీ రాబందుకు వాసన పట్టే శక్తి గొప్పది. కాండోర్ ప్రధానంగా చూపు మీద, తనకంటే ముందు వాలిన పక్షుల రాకపోకల మీద ఆధారపడుతుంది.

గొర్రెపిల్లల్ని, పసిపిల్లల్ని తన్నుకుపోతుందన్న కథకు కాండోర్ కాళ్ళే ఖండన. వెనక వేలు చిన్నది, గోళ్ళు మొద్దుబారినవి. గద్దలాగా పట్టి బిగించే కాలు కాదది, నేల మీద నడిచే కాలు. బతికి ఉన్న చిన్న జీవాలను పొడిచిన సందర్భాలు అరుదుగా చెప్పినా, దాని బతుకు కళేబరాల మీదే. సొంత బరువుతోనే లేవలేక అవస్థపడే పక్షి కాళ్ళతో గొర్రెపిల్లను మోసుకుపోతుందన్నది, అది నేల విడిచి లేవడం ఒక్కసారైనా చూసినవాళ్ళు అనగలిగే మాట కాదు.

ఇలాంటి కథల వల్ల పోయేదేముంది అంటారా? ఆండీస్ పశుపోషకుల్లో పశువులను తినే జంతువుల మీద పగతో కళేబరాల్లో విషం కలిపి పెట్టేవాళ్ళున్నారు. 2018 జనవరిలో అర్జెంటీనాలోని మెండోసా రాష్ట్రంలో ఒకేచోట 34 కాండోర్‌లు విషంతో చచ్చిపడి కనిపించాయి. 2021 ఫిబ్రవరిలో బొలీవియాలోని తరీహా ప్రాంతంలో మరో 34. రెండేళ్ళకొక్క పిల్లను పెంచడమే గగనమైన జాతికి ఇది తరాల నష్టం. ఉత్తరాన కాలిఫోర్నియా కాండోర్‌ను చంపుతున్నది సీసం. వేటగాళ్ళు కొట్టి వదిలిన జంతువుల మాంసంలో తూటా తునకలు ఉంటాయి. అవి కడుపులోకి పోతే మేతసంచి కదలిక ఆగిపోతుంది, పక్షి తిండి ఉండీ ఆకలితో చస్తుంది. 2019 నుంచి కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలు నిషిద్ధం. కాండోర్‌లు తిరిగే చోట్లన్నిటా ఆ నిషేధం లేదు.

ఈ చావుల మీద వేలు పెట్టి చూడండి. విషం ఉన్నది నేల మీద. సీసం ఉన్నది నేల మీద. ఎక్కువ శ్రమ పడుతున్నది నేల దగ్గర. ఆకాశానికి రాజు అని పొగిడి, ఆకాశంలో దానికేం లోటని నిశ్చింతగా ఉంటే, మనం కాపాడాల్సిన చోటు మన చూపులోకే రాదు.

మన దేశం ఈ పాఠాన్ని భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. భరత్‌పూర్‌లో రాబందులు కూలిపోతున్న సంగతిని 1990లలో పసిగట్టింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్. గూళ్ళు ఏటేటా లెక్కపెట్టడం, మెడలు వాల్చి కూర్చున్న పక్షులను చూడటం, ఆ చూసింది రాయడం వల్లే అది జరిగింది. పశువుల మందు డైక్లోఫెనాక్ అసలు కారణమని 2004లో రుజువైంది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టాయన్నది కూడా అడవిలో తిరిగి చూసిన కళ్ళకు తెలిసిందే. మన రాబందునూ చంపింది గాలి కాదు, నేల మీది కళేబరం.

అందుకని కాండోర్ గురించి రాసేవారికీ చెప్పేవారికీ నా విన్నపం గట్టిదే. ఐదు గంటల మాట రాసిన ప్రతిచోటా 75 శాతం మాట కూడా రాయండి. కోల్కా గట్టున నిలబడే యాత్రికుడికి, ఈ పక్షి ఎక్కడినుంచి లేచిందో, ఎక్కడ దిగబోతోందో కూడా చూడమని చెప్పండి. పరికరాలకు డబ్బు ఇచ్చే సంస్థలు, కొండల్లో ఏళ్ళ తరబడి నోటుబుక్కు పట్టుకుని తిరిగేవాళ్ళకూ జీతం ఇవ్వాలి. పిల్లలకు పాఠం చెబితే శ్రమ లేని ఎగురుడని చెప్పకండి. ఎంత శ్రమ ఎక్కడ పెట్టాలో తెలిసిన ఎగురుడని చెప్పండి. ప్రభుత్వాలు ముందుగా చేయాల్సింది కళేబరాన్ని విషం నుంచి, సీసం నుంచి శుభ్రంగా ఉంచడం. గాలి తన వంతు సాయం ఎలాగూ చేస్తుంది. నేల మీద దిగిన కాండోర్ తిరిగి లేవగలిగేలా చూడటం మాత్రం మనుషుల బాధ్యత.